కొబ్బరికాయకు ముందు రోజు

సార్ పోయిన కబురు బంద్ రోజున వచ్చింది. బస్సులు లేవు, ఆటోలు లేవు, రాందాస్ చౌరస్తాలో దుకాణాలన్నీ షట్టర్లు దించుకుని ఉన్నాయి. తెలంగాణ కోసం జరిగిన బందుల్లో అది ఎన్నోదో నాకు గుర్తు లేదు. పాలు వస్తాయా రావా అని నేను గడపలో నిలబడి ఉంటే సార్ దగ్గర నేర్చుకున్న షబానా నడుచుకుంటూ వచ్చింది. ఒక చెప్పు తెగిందట, రెండూ చేతిలో పట్టుకుంది.

"ఆయమ్మా, సార్ పోయిండ్రు. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నరట. గంతే," అంది.

వేడి చాయ్ చేతిలోంచి జారి ఒంటి మీద పడిందా అని అడిగాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. షబానా ఆశ్చర్యపోలేదు. నన్ను చాలా ఏళ్లుగా ఎరిగిన పిల్ల. గ్లాసు బల్ల మీదనే ఉందని, ఖాళీదేనని నెమ్మదిగా చెప్పింది.

ఆ కబురు నాకు కొత్తగా అనిపించలేదు. సార్‌కు దగ్గు పట్టిన సంవత్సరం నుంచి నేను రోజూ దాని గురించి భయపడుతూనే ఉన్నాను. రోజూ భయపడిన సంగతి ఒక రోజు నిజమైతే, ఏడుపు వెంటనే రాదు. పొయ్యి ఆర్పి, గ్యాస్ బుడ్డి మూత రెండుసార్లు చూసి, షబానాకు నా చెప్పులిచ్చి, నేను పాత జత వేసుకుని బయలుదేరాను.

ఇప్పటికి నెల దాటింది. సార్ దగ్గర నేర్చుకున్న పిల్లలు ఆయన పేరు మీద చిన్న పుస్తకం అచ్చు వేస్తున్నారు. నన్ను కూడా రాయమన్నారు. నేను చదివింది నాలుగో తరగతి. ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో ఆయాగా పనిచేసి మానుకున్నదాన్ని. ఏం రాయాలని అడిగితే, "క్లాసుల ఎట్ల చెప్పేటిదానివో గట్లనే రాయి," అన్నారు. క్లాసులో నేను చెప్పింది భయాలే.

సార్ మొదట హైదరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవారు. దవాఖానల్లో వాడే మిషన్లు తయారు చేసే ఫ్యాక్టరీ. బయటి దేశాల సరుకు మీద ఉన్న అడ్డంకులు తీసేశాక, విదేశీ మిషన్లు డబ్బాలు డబ్బాలుగా దిగాయి. ఫ్యాక్టరీ మూతబడింది. సార్ భార్యతో కలిసి మెదక్ వచ్చేశారు. ఒక బట్టల దుకాణం మీద రెండు గదులు కిరాయికి తీసుకుని, ఏదో స్కీము కింద మంజూరు తెచ్చుకుని, కోర్సు మొదలుపెట్టారు. దవాఖాన సామాను ఎలా గీయాలి, ఎలా చేయాలి, ఎలా పరీక్షించాలి, ఎలా అమ్మాలి అని ఏడాది పాటు నేర్పే కోర్సు. ఐటీఐ పాసైనవాళ్లు, డిప్లొమా చేసి ఖాళీగా ఉన్నవాళ్లు చేరారు. సైకిల్ రిపేరు నేర్పినట్టు దవాఖాన మిషన్లు నేర్పుతాడట అని ఊళ్లో కొందరు నవ్వుకున్నారు.

ఆ కోర్సులో ఒక పద్ధతి ఉండేది. మూడు వారాల దాకా ఎవరూ పనిముట్టు ముట్టుకోకూడదు. మా నర్సింగ్ హోంలో, వార్డు మూలన బెంచీ మీద కూర్చుని చూడాలి. చూసింది రాసుకోవాలి. అంతే. మా డాక్టరమ్మ ఒప్పుకుంది. పిల్లలు వచ్చి కూర్చునేవారు, సార్ వాళ్ల వెనక నిలబడేవారు.

నాకు వాళ్లను చూస్తే దడ. కాళ్లు దారికి అడ్డంగా చాపుతారు, ఎవరైనా తట్టుకుని పడితే? పెన్ను క్యాప్ కింద పడేస్తారు, పసిపిల్ల నోట్లో పెట్టుకుంటే? నేను తడిబట్ట పెడుతూ ఒక్కొక్కటి గొణుగుతూ ఉంటే సార్ విన్నారు. "ఇంకేమన్న భయమున్నదా?" అని అడిగారు. వెటకారమనుకున్నాను. కాదు. జేబులోంచి నోటుబుక్కు తీశారు. నేను చెబుతూ పోయాను, ఆయన రాస్తూ పోయారు. బకెట్‌లో నీళ్లు చల్లబడి, మళ్లీ మార్చుకోవాల్సి వచ్చింది.

మర్నాడు మా ఇంటికొచ్చారు. ప్రతి గురువారం క్లాసుకు రమ్మన్నారు. నాకక్కడ పనేముంటుందని అడిగాను.

"భయపడుడే," అన్నారు. "మా పిల్లలకు అది రాదు."

మా అత్తగారు అప్పటికే పోయారు కాబట్టి సరిపోయింది. ఉంటే నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునేది. దీని నోట్లకెళ్లి ఒక్క మంచి మాట రాదు అని ఆమె వీధంతా చెప్పేది. పెళ్లిచూపులకు పోయేటప్పుడు, పొలంలో విత్తనం వేసేటప్పుడు, ఇంటికి ముగ్గు పోసేటప్పుడు నన్ను లోపల కూర్చోబెట్టేది. మంచి పని ముందర నేను నోరు తెరవకూడదు. అది మా ఇంట్లో చట్టం. అలాంటి నన్ను పిలిచి కుర్చీ వేసి, మీరు అని పిలిచి, నోరు తెరవమన్న మనిషి సార్ ఒక్కరే.

కిటికీ పక్కన ఒక ఇనుప కుర్చీ, అది నాది. పిల్లలు చేసిన సామాను బల్ల మీద పెట్టేవారు. నేను చూసి, ఏం కావచ్చో చెప్పాలి. వాళ్లు దానికి జవాబు చెప్పాలి. అయితే సార్ నోటి జవాబు ఒప్పుకునేవారు కాదు. "చేతితోని చెప్పు," అనేవారు. అంటే సామాను మార్చి తీసుకురావాలి. పిల్లలు నా మీద పళ్లు నూరేవారు. అందులో నర్సింలు అనే పిల్లవాడు, కుల్చారం దిక్కు నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, మాటకారి. ఒకసారి అందరి ముందు, "అవ్వా, భూకంపమొస్తే ఎట్ల?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నిజంగానే వస్తే ఎలా అని నేను ఆలోచనలో పడ్డాను. సార్ కూడా నవ్వారు కానీ, నర్సింలు చేసిన సెలైన్ స్టాండుకు చక్రాలు ఆపే బ్రేకు లేదని అప్పుడే కనిపెట్టారు.

సార్ ఏనాడూ రోగి అనలేదు. పండుకున్నోళ్లు అనేవారు. "పండుకున్నోడు లేచి తప్పుకోలేడు" అన్నది ఆయన మాట. నిలబడ్డవాడి మీద ఏదైనా పడబోతే పక్కకు జరుగుతాడు, మంచం మీదున్నవాడి మీద పడబోతే మనమే ముందుగా చూడాలి అని దాని అర్థం. అమ్మకం గురించి ఇంకో మాట చెప్పేవారు. చేసేవాడు ఒకడు, కొనేవాడు ఒకడు, వాడేవాడు ఒకడు, పండుకున్నవాడు ఒకడు, నలుగురూ సరే అంటేనే అది సామాను, లేకుంటే బొమ్మ. అందుకే పిల్లల్ని సంచీ ఇచ్చి నిజాంపేటకు, కుల్చారానికి, నర్సాపూర్‌కు ఆసుపత్రుల గడపలెక్కమని పంపేవారు. మెదక్‌లో చేసిందా, అయితే వద్దు అని చాలామంది తిప్పి పంపేవారు. పిల్లలు విదేశీ సరుకును తిట్టుకుంటూ వస్తే సార్ తిట్టనిచ్చేవారు కాదు. చెడిపోయిన విదేశీ మిషను ఒకటి సంపాదించి, విప్పి బల్ల మీద పరిచారు. ఎంత శుభ్రంగా చేశారో చూపించారు. ఆ తర్వాత, "కరెంటు పోతదని మాత్రం వాళ్లకెరుక లేదు," అన్నారు.

సెలైన్ గంట గురించి చెప్పాలి. ఆ సంగతి రాయకుండా సార్ గురించి రాస్తే నేను దాచినట్టవుతుంది.

షబానా ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్ల. వార్డులో మూడు వారాలు కూర్చుని ఒకే ఒక్కటి రాసుకుంది. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ పక్కనున్న మనిషి సీసా వైపే చూస్తూ ఉంటారు. కునుకు తీయరు, తిండికి లేవరు. సీసా అయిపోవడం చూడలేదంటే నెత్తురు వెనక్కి ఎగదన్ని గొట్టంలోకి వస్తుంది, గడ్డకడుతుంది, మళ్లీ సూది పొడవాలి. అందుకని ఆమె, నర్సింలు కలిసి ఒక కొక్కెం చేశారు. దానికి స్ప్రింగు, ఒక బ్యాటరీ సెల్లు, చిన్న గంట. సీసా బరువు తగ్గితే స్ప్రింగు పైకి లేస్తుంది, గంట మోగుతుంది.

నేను ఎన్నో చెప్పాను. గాజు సీసా బరువు వేరు, ప్లాస్టిక్ సీసా బరువు వేరు. ఫ్యాను గాలికి ఊగితే ఉత్తుత్తిగా మోగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మనవాళ్లు సెలైన్ స్టాండుకు తువ్వాలు వేస్తారు, టిఫిన్ సంచీ తగిలిస్తారు. సంచీ బరువుకు కొక్కెం కిందికే ఉంటుంది, సీసా ఖాళీ అయినా గంట మోగదు. షబానాకు ఈ చివరిదానికి రెండు నెలలు పట్టింది. చివరికి సీసా తప్ప ఇంకేదీ తగిలించడానికి వీల్లేని కొక్కెం వంచింది. సార్ దాన్ని వేళ్లతో తడిమి చూసి ఆమె ముందు తన చాయ్ గ్లాసు పెట్టారు. అంతకంటే మెచ్చుకోలు ఆయన దగ్గర లేదు.

ఆ ఏడు కోర్సుకు గండంగా ఉంది. రెండేళ్లయింది, ఒక్క సామాను కూడా బజారుకు పోలేదు, ఈసారి పోకపోతే మంజూరు ఆపేస్తామని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. సార్ క్లాసులో ఆ ఉత్తరం చదివి వినిపించి, మడిచి, చాక్‌పీసులుండే జేబులోనే పెట్టుకున్నారు. మా నర్సింగ్ హోం, నర్సాపూర్‌లో ఒక చిన్న ఆసుపత్రి, ఇంకో చోట, మూడు చోట్ల గంట తీసుకుంటామన్నారు. అలాంటి గంటలు పది తయారు చేశారు.

మంచి రోజు చూశారు. ప్రారంభం మా వార్డులోనే పెట్టుకున్నారు. పై ఆఫీసు వాళ్లు వచ్చారు. గంటకు పసుపు కుంకుమ పెట్టి, పువ్వు పెట్టి, నర్సింలు కొబ్బరికాయ కొట్టాడు. కాయ రెండు చిప్పలుగా చక్కగా పగిలింది, శుభమన్నారు. షబానా మంచం మీదున్న ఒక ముసలాయన సీసాకు దాన్ని తగిలించింది. అంతవరకూ ఆయన భార్య సీసాకేసి చూస్తూ కూర్చుని ఉంది. రెండు రోజుల నుంచి అలాగే ఉంది. గంట ఎలా మోగుతుందో షబానా వేలితో ఎత్తి చూపించింది. మోగింది. చప్పట్లు కొట్టారు. ఆ ముసలమ్మ ఒక్క నిమిషం చూసి, లేచి, కొంగు దులుపుకుని, బయటికి వెళ్లి వరండాలో గోడకు ఆనుకుని నిద్రపోయింది.

అప్పుడు తోచింది నాకు. ఇన్నాళ్లూ ఆ సీసా మీద ఒక మనిషి కళ్లున్నాయి. ఇప్పుడు లేవు. ఈ గంటే నిద్రపోతే?

సార్ మా అందరి వైపూ తిరిగారు. పై ఆఫీసు వాళ్ల ముందు, ఎప్పటిలాగే, "ఆయమ్మా, ఇంకేమన్న భయమున్నదా?" అని అడిగారు.

కొబ్బరినీళ్లు ఇంకా నేల మీద తడిగా ఉన్నాయి. కుంకుమ ఆరలేదు. మా అత్తగారు వెనక నిలబడి వీపు మీద వేలితో పొడిచినట్టయింది.

"ఏం లేదు సార్. అంత మంచిగున్నది," అన్నాను.

ఆ తర్వాత మా నర్సింగ్ హోంలోని గంటల్ని నేను గంటకోసారి వేలితో ఎత్తి మోగించి చూసుకునేదాన్ని. నర్సులు విసుక్కునేవారు. కానీ నర్సాపూర్‌లో నా వేలు లేదు కదా.

అక్కడ వార్డులో గోడ గడియారం ఆగిపోయింది. ఎవరో గంటలో ఉన్న కొత్త సెల్లు తీసి గడియారంలో వేసి, గడియారంలోని చచ్చిన సెల్లును గంటలో పెట్టారు. అలా ఎవరైనా చేస్తారు, ఇంట్లో మనమూ చేస్తాం. గంట మోగలేదు. పక్కనుండే మనిషి గంట ఉందన్న ధైర్యంతో చాయ్‌కి వెళ్లాడు. మంచం మీదున్న ఆడమనిషి గొట్టం ఎర్రగా అవడం చూసి కేకలు పెట్టింది. ప్రాణానికేం కాలేదు. మళ్లీ రెండుసార్లు సూది పొడవాల్సి వచ్చింది. వాళ్ల వాళ్లు వచ్చి ఆ కొక్కెం పీకి బయట పారేశారు.

సార్ మరుసటి బస్సుకే పోయి ఆమెను చూసి, క్షమించమని అడిగి, గంటను ఏరుకుని వచ్చారు. పదీ వాపసు తెచ్చేశారు. పై ఆఫీసుకు తానే ఉత్తరం రాసుకున్నారు, జరిగింది జరిగినట్టు. దాచిపెట్టి ఉంటే వాళ్లకు తెలిసేది కాదేమో. మంజూరు ఆగిపోయింది.

నాకు రెండు రోజులు అన్నం దిగలేదు. మూడో రోజు పోయాను. సార్ ఒక్కరే ఉన్నారు, వాపసు తెచ్చిన గంటలన్నీ బల్ల మీద వరసగా పెట్టుకుని. కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాను.

"సార్, ఆ దినం నాకెరుకే. గంట పండుకుంటదని తోచింది. చెప్పలే."

"ఎప్పుడు తోచింది?"

"కొబ్బరికాయ కొట్టినంక."

సార్ ఒక గంటను చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. నన్ను తిట్టడానికి మాటలు వెతుక్కుంటున్నారనుకున్నాను. ఆయన ఆలోచిస్తున్నారు.

"చెప్తే ఆపుతుంటినా ఆయమ్మా? ఆపకపోతుండొచ్చు," అన్నారు. "పెద్దమనుషులను పిలిచి, పువ్వులు పెట్టి అడిగిన. అది అడుగుడు కాదు. తప్పు, అడిగిన వేళది."

లేచి బోర్డు మీద ఒక వాక్యం రాశారు. మొదలు ఆయమ్మ, తర్వాత కొబ్బరికాయ. ఎన్ని సంవత్సరాలైనా బోర్డు మూలన దాన్ని చెరపలేదు. వాన నీళ్లు కారి మాసిపోతే మళ్లీ రాసేవారు. ఆ రోజు నుంచి ఏ సామానుకైనా మంచి రోజుకు ముందు రోజు ఒక దినం పెట్టారు. ఆ రోజు పువ్వులు ఉండవు, బయటివాళ్లు ఉండరు. నేను, పిల్లలు, సామాను. భయాలన్నీ ఆ రోజే బయటపెట్టాలి. ఒకటి మిగిలినా మర్నాడు కాయ కొట్టేది లేదు. మాకు తెలిసిన పూజారి, మంచి ముహూర్తం రెండుసార్లు పోగొట్టారని సార్ మీద అలిగాడు కూడా.

షబానా గంటకు చిన్న పచ్చ దీపం పెట్టింది. సెల్లు బాగున్నంతసేపూ మినుకుమినుకుమంటూ ఉంటుంది. సెల్లు పెట్టే డబ్బాకు మరమేకు వేసింది. కింద ఒక చీటీ అంటించాలి, ఏం రాద్దామని సార్ నన్నడిగారు. దీపం ఆరితే సీసా దగ్గర మనిషి కూర్చోవాలి అన్నాను. అలాగే అచ్చు వేయించారు. షబానా ఇప్పుడు తన షెడ్డులో చేసి అమ్మే ప్రతి గంట మీదా అదే మాట ఉంటుంది. నా మాట అచ్చులో చూసుకోవడం అదే మొదలు, ఇది రెండోది.

కోర్సు ఆగలేదు. ఒక గది ఖాళీ చేశారు. పదిహేను మంది బదులు నలుగురైదుగురు. నేను ఆ రోజు నోరు తెరిచి ఉంటే ఆ రెండో గది మిగిలేదా అని ఇప్పటికీ అనుకుంటాను. సార్ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అందుకే నాకు ఎక్కువ గుర్తు.

ఉద్యమం పెద్దదయ్యాక పిల్లలు క్లాసు ఎగ్గొట్టి ఊరేగింపులకు పోయేవారు. నర్సింలు అయితే ముందు వరసలో ఉండేవాడు, రోడ్ల మీద వంటలు కూడా వండించేవాడు. లాఠీ తగులుతుందని నా భయం. సార్ వద్దనలేదు. రాష్ట్రం వస్తే మన దవాఖానలకు మన సామానే పెట్టుకుంటాం అని నర్సింలు గట్టిగా అంటే, "పెట్టుకుందం. అప్పటిదాంక చేసుడు మర్చిపోకుండ్రి," అన్నారు. శుక్రవారం జైల్లో ఉన్నా సరే, గురువారం క్లాసుకు రావాలని షరతు పెట్టారు. నర్సింలు వచ్చేవాడు.

చివరి నెలలో సార్‌ను నాలుగు రోజులు అదే నర్సింగ్ హోంలో పెట్టారు. నేను పని మానుకుని చాలా కాలమైనా వెళ్లి కూర్చున్నాను. ఆయన సీసా మీద షబానా గంటే ఉంది. పచ్చ దీపం మినుకుమంటూ ఉంది. "దీపమున్నది గద, ఇంటికి పోండ్రి," అన్నారు. నేను పోలేదు. దీపం వైపు చూస్తూ కూర్చున్నాను. నా వంక చూసి సార్ నవ్వుకున్నారు. ఐదో రోజు ఇంటికి పంపించేశారు. వారం తర్వాత బంద్ వచ్చింది.

ఆ రోజు మేం వెళ్లేసరికి వాకిట్లో పాడె కడుతున్నారు. బంద్ కాబట్టి బయటి ఊళ్ల నుంచి ఎవరూ రాలేకపోయారు. ఎత్తడానికి ఊళ్లో ఉన్న పిల్లలే నలుగురు. నర్సింలు చౌరస్తాలో రాళ్లు అడ్డం పెడుతూ ఉండి, అక్కడి నుంచే పరుగున వచ్చాడు. చేతులకు టైరు మసి ఇంకా ఉంది. సార్‌ను పడుకోబెట్టారు. కొబ్బరికాయ తెచ్చి పక్కన పెట్టారు. సార్ భార్య తలుపు పట్టుకుని నిలబడింది.

ఎత్తబోయే ముందు నర్సింలు ఆగాడు. వంగినవాడు లేచి నిలబడి నా వైపు తిరిగాడు.

"ఆయమ్మా, ఇంకేమన్న భయమున్నదా?"

పెద్దవాళ్లు కొందరు తలలు తిప్పి చూశారు. అలాంటి వేళ అలాంటి ప్రశ్న ఎవరూ అడగరు. నేను దగ్గరికి పోయాను. పాడె చుట్టూ ఒకసారి తిరిగి చూశాను.

"ఎడమ దిక్కు తలకాడి ముడి వదులున్నది," అన్నాను. "చౌరస్తా కాడ మీరు పెట్టిన రాళ్లున్నయి. ముంగటోని కాలు తట్టుకుంటే..."

"పండుకున్నోడు లేచి తప్పుకోలేడు," అంది షబానా పక్క నుంచి.

నర్సింలు ముడి విప్పి మళ్లీ కట్టాడు. ఇద్దరిని ముందుగా చౌరస్తాకు పంపించి రాళ్లు తీయించాడు. తీశామని వాళ్లు తిరిగి వచ్చి చెప్పేదాకా ఎవరూ పాడె ముట్టుకోలేదు. ఆ తర్వాతే కొబ్బరికాయ కొట్టారు, ఆ తర్వాతే ఎత్తారు.

ఆడవాళ్లం గల్లీ మలుపు దాకా వెళ్లి ఆగిపోయాం. బండ్లు లేని రోడ్డు మధ్య నలుగురూ నెమ్మదిగా నడుస్తున్నారు. తల దిక్కు ఎడమ పక్కన నర్సింలు. చౌరస్తా దాకా చూశాను. కొంచెం కొంచెం దూరానికి అతని మసి చేయి పైకి లేచి, ఆ ముడిని ఒకసారి తడిమి, దిగుతూ ఉంది.